జెనీవావారి గంటల పంచాంగం

ఉగాదినాడు సాయంత్రం బెజవాడ సత్యనారాయణపురంలో మా వీధి చివరి గుళ్లో పంచాంగ శ్రవణం జరుగుతుంది. శాస్త్రిగారు గొంతు సవరించుకుని ఈ ఏటి రాజెవరో, మంత్రెవరో, మేఘాధిపతి ఎవరో, ఎన్ని కుంచాల వాన పడుతుందో, అందులో సముద్రానికి ఎన్ని పాళ్లో, కొండలకు ఎన్ని పాళ్లో, మన నేలకు దక్కేది ఎన్ని పాళ్లో ముప్పావు గంటలో తేల్చేస్తారు. ఇన్నేళ్లలో ఒక్క శ్రోత కూడా లేచి, "శాస్త్రిగారూ, ఈ మాట నూటికి ఎన్ని పాళ్ల నమ్మకంతో చెబుతున్నారు?" అని అడిగిన పాపాన పోలేదు. ప్రసాదం పుచ్చుకుని ఎవరిళ్లకు వారు పోతారు.

ఇంచుమించు ఇదే పనికి జెనీవాలో ఒక సంఘం ఉంది. 1988లో, అంటే విభవ నామ సంవత్సరంలో, ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కలిసి దాన్ని స్థాపించాయి. వాతావరణ మార్పును మదింపు చేసి ప్రభుత్వాలకు చెప్పడం దాని పని. పొట్టి పేరు ఐపీసీసీ. 195 దేశాలకు సభ్యత్వం ఉంది. వారి పద్ధతి చూస్తే మాత్రం నాకు జాలి వేస్తుంది. సొంతంగా ఒక పరిశోధన చేయరు, ఒక థర్మామీటరు కొనరు. లోకంలో ఇతరులు అచ్చువేసిన పరిశోధన పత్రాలన్నీ కూర్చుని చదువుతారు. 2021లో వెలువడిన ఆరో నివేదిక మొదటి సంపుటాన్నే తీసుకోండి. 234 మంది రచయితలు, 14 వేలకు పైగా పత్రాలు. చిత్తుప్రతి మీద వచ్చిన అభ్యంతరాలు, సూచనలు 78,007. ఒక్కోదానికీ జవాబు రాయాలి. ఇంత చేసినందుకు ఆ రచయితలకు సంఘం ఇచ్చే జీతం సున్నా. మా శాస్త్రిగారికి కనీసం పంచెల చాపు, అరటిపళ్లు ముడతాయి.

సరే, రాశారు. రాసి ఊరుకోరు. పాలకుల కోసమని పెద్ద గ్రంథం నుంచి కొన్ని పేజీల సారాంశం తీస్తారు. ఆ సారాంశాన్ని అన్ని ప్రభుత్వాల ప్రతినిధుల ముందు పెట్టి వాక్యం తరువాత వాక్యం చదివి, అందరూ ఔనన్నాకే తరువాతి వాక్యానికి వెళతారు. మన ఇళ్లలో శుభలేఖ రాయించేటప్పుడు పెదనాన్నగారి పేరు ముందా, మేనమామగారి పేరు ముందా అని రెండు వైపుల పెద్దలు తెల్లవారేదాకా తగువులాడుకుంటారు చూడండి, అలాంటి సభ అన్నమాట. కాకపోతే వియ్యంకులు 195 మంది. 2023లో స్విట్జర్లాండ్‌లోని ఇంటర్లాకెన్‌లో ఇదే తంతు మార్చి 17కు ముగియవలసి ఉండగా 19 దాకా సాగింది. 20న నివేదిక వెలువడింది. సరిగ్గా రెండు రోజుల తరువాత, 22న, మనకు ఉగాది. మా శాస్త్రిగారు అదే విషయాన్ని ముప్పావు గంటలో ముగించి ఇంటికి వెళ్లి భోంచేశారు.

ఒక్క మాట కోసం వాళ్లు పడిన పాట్లు వింటే కన్నీళ్లు వస్తాయి. 1995లో మాడ్రిడ్‌లో కూర్చున్నారు. వాతావరణం మీద మనిషి ప్రభావం ఉందని రాయాలి. ఉంది, సరే, కానీ ఎలాంటి ప్రభావం? ఏ విశేషణం తగిలించాలి? చమురు అమ్ముకుని బతికే సౌదీ అరేబియా, కువైట్ ప్రతినిధులు ప్రతి విశేషణానికీ అడ్డుపడ్డారు. చివరకు "పోల్చుకోగలిగినంత ప్రభావం" అన్న అర్థం వచ్చే మాట దగ్గర రాజీ కుదిరింది. మనిషి చేసిన పనిని మనిషే పోల్చుకోవడానికి అంతసేపు పట్టింది. 2001లో వేడి పెరగడానికి ప్రధాన కారణం మనుషులే "కావచ్చు" అన్నారు. 2007లో "చాలావరకు అంతే" అన్నారు. 2013లో ఆ మాటకు ఇంకొంచెం బలం చేర్చారు. 2021కి గాని "నిస్సందేహం" అన్న పదం పలకలేదు. మొదటి నివేదిక 1990లో వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లు! ఈలోపల మా శాస్త్రిగారు ముప్పై ఒక్క సార్లు నిస్సందేహంగా చెప్పి ఉంటారు, సంవత్సరానికి ఒక రకంగా.

పైగా ఆ మాటలకు కొలతలు. "కావచ్చు" అంటే వాళ్ల భాషలో నూటికి 66 పాళ్లకు తక్కువ కాదు. "చాలావరకు" అంటే 90కి తక్కువ కాదు. దానిపై మెట్టు 95. 99 దాటితే "దాదాపు ఖాయం". 33కి లోపయితే "కాకపోవచ్చు". నూటికి ఒకటి కూడా లేకపోతే దానికి వేరే మాట. నోటికొచ్చినట్టు "కావచ్చు" అనడానికి వీల్లేదు. ఈ క్రమశిక్షణ మీద నాకు గౌరవమే కాని, ఇందులో కొత్తదనం ఏముంది? బెజవాడలో ఈ కొలమానం ఎప్పటి నుంచో వాడుకలో ఉంది. కుళాయి బాగుచేసే ఆయన "బయల్దేరానండీ" అంటే నూటికి 33 లోపు. "దగ్గరలోనే ఉన్నాను" అంటే 10 లోపు. ఏ కార్యాలయంలోనైనా "పరిశీలిస్తాం" అంటే ఒకటి లోపు. పెళ్లికి పిలిస్తే "తప్పకుండా వస్తాం" అన్నవాళ్లు వచ్చేదీ రానిదీ సగానికి సగం. "చూద్దాం" అన్నవాళ్లు రారన్నది నిస్సందేహం. వీటికి జెనీవాలో ముప్పై ఏళ్లు పట్టింది. మనకు ఊహ తెలిసేసరికే వచ్చేస్తాయి.

వాళ్లకు అసలు చేతకానిది ఇంకొకటి ఉంది. తప్పు ఒప్పుకోవడం ఎలా మానాలో తెలియదు. 2007 నివేదిక రెండో సంపుటంలో హిమాలయాల్లోని హిమానీనదాలు 2035 నాటికి మాయమవుతాయన్న అర్థంలో ఒక వాక్యం దొర్లింది. అది తప్పు. సరైన ఆధారం లేని మాట ఎలాగో జల్లెడలోంచి జారింది. 2010 జనవరిలో సంఘం బహిరంగంగా ఒప్పుకుంది. మన లెక్కలో అది విరోధి నామ సంవత్సరం, విరోధులకు పండుగయింది. అంత పెద్ద గ్రంథంలో ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని, మిగతాదంతా బూటకమన్నారు. నోబెల్ శాంతి బహుమతిలో సగం తెచ్చుకుని మూడేళ్లయినా కాని సంఘం, చేతులు కట్టుకుని నిలబడి చెప్పించుకుంది. ఏ పంచాంగకర్త అయినా నిరుటి పంచాంగానికి తప్పొప్పుల పట్టిక వేయగా మీరు చూశారా? అందుకే ఆయన మాట చెల్లుతోంది.

వాళ్ల నివేదికను మన పద్ధతిలో చదివితే ఎవరికైనా ఇట్టే తలకెక్కుతుందని నా మనవి. భూమి మీద అదనంగా పోగుపడిన వేడిలో సముద్రానికి 91 పాళ్లు, నేలకు 5, మంచు కరగడానికి 3, గాలికి 1. చూశారా, అచ్చం మన వాన లెక్కే! ఆ గాలికి దక్కిన ఒక్క పాలుకే మనం రోహిణి కార్తెలో ఇలా ఉన్నాం. ఇక ఆదాయ వ్యయాలు. వేడి పెరుగుదలను 1.5 డిగ్రీల దగ్గర ఆపే అవకాశం సగానికి సగమైనా మిగలాలంటే, 2020 ఆరంభం నుంచి లోకమంతా కలిసి వదలదగిన కార్బన్ డయాక్సైడ్ 50 వేల కోట్ల టన్నులు. ఏటా వదులుతున్నది దాదాపు 4 వేల కోట్ల టన్నులు. ఆదాయం పూజ్యం, వ్యయం 4 వేల కోట్లు. ఇలాంటి రాశివాడికి శాస్త్రిగారు ఏ శాంతి చేయించమంటారో గాని, కొట్టులో సరుకు ఒక పుష్కరానికి మించి రాదని మా పచారీ కొట్టు గుమాస్తా కూడా చెబుతాడు.

మేఘాధిపతి సంగతి నేను ఎత్తకూడదనుకున్నాను, కాని మా తోడల్లుడు ఊరుకోడు. ఆయన ఇల్లు సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు ఆ ఇంటి కింది అంతస్తులోకి వచ్చి రోజుల తరబడి తిష్ఠ వేసింది. అది క్రోధి నామ సంవత్సరం, పేరు నిలబెట్టుకుంది. అవతల కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటి, పడవలు కొట్టుకొచ్చి గేట్లకు గుద్దుకున్నాయి. నీళ్లు తీశాక బురద ఎత్తిపోస్తూ ఆయన నన్ను అడిగాడు: "అన్నయ్యా, మీ జెనీవావాళ్లు ఇది ముందే చెప్పారా?" చెప్పారు. గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కేకొద్దీ దాదాపు 7 శాతం ఎక్కువ తేమ మోయగలదు, కాబట్టి కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది అని ఎప్పటి నుంచో చెబుతున్నారు. "మరి ఫలానా రోజు, ఫలానా వీధి అన్నారా?" అనలేదు. అలా అనడం వారి పని కాదు, అలా అంటే వారు అబద్ధాలకోరులవుతారు. "అయితే ఎందుకు?" అని ఆయన పార కింద పెట్టాడు. బుడమేరు గట్టు మీద ఇళ్లు ఎవరు కట్టారో, ఎవరు కట్టనిచ్చారో చెప్పడానికి జెనీవా అక్కరలేదని నేను అనబోయి, ఆ ఇంటి వాస్తు గుర్తొచ్చి ఊరుకున్నాను. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించింది నేనే.

పాలకుల విషయానికి వద్దాం. వారికి పంచాంగం ఎలా వినిపించాలో మనవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. ఉగాదినాడు ఏ పార్టీ కార్యాలయానికి వెళ్లినా అవే గ్రహాలు, అదే తిథి; ఫలితాలు మాత్రం ఆ పార్టీ అధినేతకు అనుకూలం. ఏ పండితుడూ ఏలికకు ఎదురుగా కూర్చుని "అయ్యా, బొగ్గు తగ్గించండి" అనడు. చిత్రమేమిటంటే జెనీవావారూ అనరు. ఏం జరుగుతుందో చెబుతాం, ఏం చేస్తే ఏమవుతుందో చెబుతాం, ఇదే చేయండని మాత్రం చెప్పం అన్నది వారి నియమం. ఈ ఒక్క విషయంలో రెండు పంచాంగాలకూ వియ్యం కుదురుతుంది.

ఇదంతా శాస్త్రిగారికి విన్నవించి, ఆ సంఘాన్ని ఎత్తివేసి తమబోటివారిని నియమిస్తే ఎలా ఉంటుందని అడిగాను. ఆయన పొంగిపోతారనుకున్నాను. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "నాయనా, నేను చదివితే రాజుగారు వింటారు, అంతే. వాళ్లు రాజులందరినీ కూర్చోబెట్టి ప్రతి అక్షరానికీ ఔననిపించుకున్నారంటున్నావు. రేపు మాకు తెలియదని ఎవరు అనగలరు?" అన్నారు. పెద్దవారు, లోకం తెలియదు. తెలియదని అనడానికి తెలియకపోవడం అవసరమా?

ఆయనకు మరో పని అప్పగించాను. జెనీవావారికి ఇప్పుడు నిజంగానే ముహూర్తం కుదరడం లేదు. ఏడో నివేదిక సంపుటాలు ఎప్పటికి పూర్తి చేయాలన్నదాని మీద ఇస్తాంబుల్‌లో కూర్చున్నారు, సోఫియాలో కూర్చున్నారు, 2025 ఆరంభంలో హాంగ్‌జౌలో కూర్చున్నారు, తేలలేదు. ప్యారిస్ వాతావరణ ఒప్పందం ప్రకారం దేశాలు ఎంతవరకు చేశాయన్న రెండో లెక్క 2028లో చూస్తారు, దానికి ముందే నివేదిక చేతికి రావాలని కొందరి పట్టు. తొందరేమిటని కొందరు. సమగ్ర నివేదిక 2029 చివరికి వస్తుందని మాత్రం ఒప్పుకున్నారు. 2028లోనే మనకు కృష్ణా పుష్కరాలు. స్నానాలు అయిపోయాక ఘాట్లు కట్టిద్దామనే గుత్తేదార్లు మన దగ్గరా ఉన్నారు గనుక ఆ తొందర లేనివాళ్ల మనసు నాకు అర్థమవుతుంది.

శాస్త్రిగారు వేళ్లు మడిచి లెక్క మొదలుపెట్టారు. 2028 కీలక, 2029 సౌమ్య అన్నారు. తరువాత ఆగి, "తారాబలం చూడాలంటే సభ్యుల జన్మ నక్షత్రాలు కావాలి. ఎంతమంది అన్నావు?" అన్నారు.

"నూట తొంభై అయిదు దేశాలండీ."

అంతలో కరెంటు పోయింది. గోడ మీది ఫ్యాను మూలుగుతూ ఆగింది. శాస్త్రిగారు ఒక్క క్షణం పైకి చూసి, ఒళ్లో ఉన్న పంచాంగం మూసి, దానితో విసురుకోవడం మొదలుపెట్టారు.