ఏ పచ్చ?

గోదావరి డెల్టాలో ఏ చదువు ఖరీదైనా ఎకరాల్లో చెబితేనే మనసుకు ఎక్కుతుంది. డాక్టరు చదువు ఇన్నెకరాలు, అమెరికా చదువు ఇన్నెకరాలు అని మాకు నోటిలెక్క. ఈమధ్య ఆ పట్టీలో పైలట్ లైసెన్సు చేరింది. మొన్న రావులపాలెంలో టీ తాగుతుంటే మా బాబాయి ఒక రంగుల కరపత్రాన్ని బల్ల మీద పరిచి, గాలికి ఎగరకుండా రొయ్యల మేత రసీదు పుస్తకం బరువు పెట్టి, "కొబ్బరితోట బేరానికి పెట్టానురా, అబ్బాయిని పైలట్‌ను చేస్తున్నాను" అన్నాడు. అబ్బాయి పక్కనే కూర్చుని మధురపూడి విమానాశ్రయంలో దిగే విమానాల గురించి ఆలోచిస్తున్నాడు.

"పైలట్లకు చేసే మెడికల్ పరీక్ష అయిందా?" అన్నాను.

"వాడికేం, గుండ్రాయిలా ఉన్నాడు. ముందు ఇది చెప్పు, భుజాల మీద నాలుగు చారలు ఎప్పుడొస్తాయి?"

చారల విషయం నిదానంగా విన్నవించాను. పద్దెనిమిదేళ్ళు నిండి, ఇంటర్‌లో ఫిజిక్సూ మాథ్సూ ఉండి, 200 గంటలు ఎగిరితే వచ్చేది కమర్షియల్ లైసెన్సు. నాలుగు చారలు కెప్టెన్‌వి, కెప్టెన్ కావాలంటే ఇంకో లైసెన్సు ఉంది, దానికి 1,500 గంటలు. పెద్ద విమానం నడపడానికి టైప్ రేటింగ్ అని మరో శిక్షణ, దానికి వేరే డబ్బు.

"అంటే ఆ కాలవగట్టు పొలం చెక్క కూడా పోతుందా?" అన్నాడు బాబాయి. అందుకే అంటాను, మావాళ్ళు లెక్కలో దిట్టలు.

ఆ 200 గంటల్లో 100 గంటలు విమానానికి తానే బాధ్యుడై నడపాలి. కోటిపల్లి రేవులో పంటు ఎక్కడానికి కూడా వాళ్ళమ్మ మేనమామను తోడిచ్చి పంపే పిల్లవాడు వీడు. పైగా రేడియో పరీక్ష ఒకటి. టవర్ చెప్పిన మాటను ఉన్నదున్నట్టు తిరిగి అప్పగించాలి, ఒక్క ముక్క కలపకూడదు. ఒకరు చెప్పిన మాటను ఏమీ కలపకుండా మరొకరికి చెప్పిన మనిషి మా వంశంలో లేడు. ఇక దిగేటప్పుడు గాలికి ఎదురు ముఖం పెట్టాలి. గాలి ఎటు వీస్తే అటు కండువా మార్చే ఊళ్ళో పుట్టినవాడికి ఇదెంత ప్రకృతివిరుద్ధమో విమానయాన శాఖ ఆలోచించినట్టు లేదు.

"కళ్ళజోడు ఉంటే పనికిరాడటగా?" ఇది బాబాయి అసలు బెంగ. కళ్ళజోడుకు ఫరవాలేదు, దానితో చూపు సరిగా ఆనితే చాలు. చిక్కంతా రంగులతో. చుక్కల బొమ్మలో దాగిన అంకెను చదవాలి. రేడియో చెడిపోతే టవర్ ఆకుపచ్చ, ఎరుపు దీపాలతోనే కబురు చెబుతుంది మరి. అందుకే ముందు మెడికల్ చేయించి, తోట సంగతి తరువాత చూడమన్నాను.

"దానికి ఊళ్ళు తిరగడం ఎందుకు, ఇప్పుడే తేలుద్దాం" అని బాబాయి టీకొట్టులో వేలాడే అరటిగెల నుంచి ఒక దోరపండు తెంపి కొడుకు ముఖం ముందు పెట్టాడు. "ఇదే రంగురా?"

"పచ్చ" అన్నాడు అబ్బాయి.

"చూశావా!" అని బాబాయి తొడ చరిచాడు. ఏ పచ్చ, ఆకుపచ్చా పసుపుపచ్చా అని నేను అడగబోయేలోపే తోట కొనే ఆసామి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.