14 వేల వైరూ, మా బావ చెవులూ

బాలు గారి ఊరివాళ్ళం కదా, పాట సంగతి మాకు ఎవరూ చెప్పక్కర్లేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాం. మొన్న మే నెలలో మా బావ చెప్పాడు. పాట గొంతులో లేదట, చెవిలోనూ లేదట, తను కొన్న ఇంటర్నెట్ వైరులో ఉందట. మీటరు పొడుగు. 14 వేలు.

ఆ వైరు పనేమిటో మీకు తెలుసు, అయినా చెప్పనివ్వండి. ఎక్కడో సర్వర్లో ఉన్న పాట ఒకట్లూ సున్నాలూగా బయల్దేరి, ఊళ్ళు దాటుకుంటూ నెల్లూరు మాగుంట లేఅవుట్ దాకా వస్తుంది. అక్కడ కేబులబ్బాయి దాన్ని కరెంటు స్తంభం మీంచి వేపచెట్టుకీ, వేపచెట్టు మీంచి బావ పిట్టగోడకీ లాగి, జారకుండా లుంగీ పీలికతో కట్టాడు. కాకులు దానిమీదే కూర్చుంటాయి. దారిలో ఒక ముక్క పోయినా మళ్ళీ తెప్పించుకునే ఏర్పాటుంది కాబట్టి ఇంత దూరం వచ్చినా పాటకి ఏమీ కాదు. కానీ రూటర్ నించి పాట వాయించే డబ్బా దాకా ఆ ఆఖరి మీటరు వెండిపూత వైరులో నడవకపోతే మాత్రం గొంతు బొంగురుపోతుందట.

రుజువు చూపిస్తానని మమ్మల్ని భోజనానికి పిలిచాడు. ముందు పాట, తర్వాత చేపల పులుసు. తలుపులు మూశాడు. శబ్దమొస్తుందని ఏసీ ఆపాడు. ఫ్యానూ ఆపాడు. నెల్లూరులో, మే నెలలో, పన్నెండున్నరకి, పదకొండు మందిమి ఒక గదిలో! పాత వైరుతో ఒకసారి పల్లవి, కొత్త వైరుతో మళ్ళీ అదే పల్లవి. "చరణం ముందు బాలు ఊపిరి తీసుకుంటాడు, చూడండి" అన్నాడు. బాలుకేమో గానీ మాకు ఊపిరి ఆడటంలేదు. సన్నగా ఏదో వినపడింది. "విన్నారా?" అందరం తలలూపాం, పులుసు చల్లారుతోంది మరి. అది నా చెవి పక్కన దోమ. కొట్టబోయి, తాళం తప్పుతుందని ఆగాను.

"ఏంది బామ్మర్దీ, తేడా తెలిసిందా?"

"మబ్బు విడిపోయినట్టుంది బావా."

పైగా అది 192 కిలోహెర్ట్జ్ పాటట, అంటే ధ్వనిని సెకనుకి 1,92,000 సార్లు కొలిచి దాచింది. సీడీకి 44.1 చాలు. అందులో సగం దాకా, అంటే 22 కిలోహెర్ట్జ్ దాకా ధ్వని పడుతుంది. మనిషి చెవి 20 దాటదు. బావకి 54 ఏళ్ళు, వంటింట్లోంచి అక్క మూడుసార్లు పిలిస్తేనే వినపడలేదు. మిగిలిన ధ్వనంతా, రంగనాయకుల గుడి గాలిగోపురంలో గబ్బిలాలేమైనా ఉంటే వాటికి. మేం పులుసులో పడ్డాక ఆయనే అదే స్పీకర్లకి ఫోన్ని బ్లూటూత్‌లో కలిపాడు. మామూలు బ్లూటూత్‌లో సెకనుకి 328 కిలోబిట్లు పోతే గొప్ప, సీడీలో 1,411. ఒక్కరికీ తేడా తెలియలేదు. బావకి కూడా.

ఇంతవరకూ నవ్వుకుని ఊరుకుందును. కానీ తన పాత సెట్టు "అత్తయ్యకి" అని మా ఇంటికి తెచ్చి బిగించి, అమ్మ రేడియోని పాత సామాన్లాయనకి వేసి రెండు కేజీల ఉల్లిపాయలు తీసుకున్నాడు.

అమ్మకి 78 ఏళ్ళు. రేడియోకి ఒకటే మర, చీకట్లో అయినా చెయ్యి దానిమీదికే పోయేది. ఇప్పుడు ముందు డబ్బా వెయ్యాలి, తర్వాత ఫోను తియ్యాలి, యాప్ అప్‌డేట్ అడుగుతుంది, అది అయితే పాస్‌వర్డ్ అడుగుతుంది. "ఘంటసాల పాట పెట్టు నాయనా" అని ఆ డబ్బాకి మర్యాదగా చెప్పింది. అది ఇంగ్లీషులో ఏదో అంది. "నాకు తెలీదులే, వద్దులే" అని లోపలికి పోయింది.

ఏం తెలీదు ఆమెకి? పల్లవి ఎత్తుకుంటే చరణాలన్నీ వరసగా వస్తాయి! ఎవరి కోసం చేశార్రా ఈ డబ్బాలు? తన ఇంట్లో తను ఒక్క పాట పెట్టుకోడానికి మనవడు స్కూలు నించి వచ్చేదాకా కాచుక్కూర్చోవాలా? ఆమె అడిగే పాటలు పాడినాయన 1974లోనే వెళ్ళిపోయాడు. వాటిలో చాలావరకు మోనో, రెండు స్పీకర్లలోనూ వచ్చేది ఒకటే. ఒక్క స్పీకరున్న రేడియో అమ్ముకుని, జంట స్పీకర్లు తెచ్చి, ఆమె చేత మాత్రం తెలీదనిపించారు.

మర్నాడే పెద్ద బజారుకి పోయి, మెమరీ కార్డు పెట్టుకునే చిన్న రేడియో తెచ్చాను. 900. పక్కన మర ఉంది, తిప్పితే మోగుతుంది. ఆదివారం బావ వచ్చి దాన్ని అటూ ఇటూ తిప్పి, దాని చార్జింగ్ వైరు రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు.

"బాగానే ఉంది గానీ బామ్మర్దీ, ఈ వైరు మార్చాలి."