దొంగ మునగకుండా కట్టుకున్న గోడ

శంకర్‌పల్లి, మొయినాబాద్, శామీర్‌పేట దారుల్లో ఇప్పుడు ఫాంహౌస్ అంటే ముందు స్విమ్మింగ్ పూల్, మామిడి చెట్లు ఆ తరువాత. ఈ కొలనుల భద్రత విషయంలో మనవారికి శ్రద్ధ లేదని కొందరు గొణుగుతున్నారు. అది శుద్ధ అపవాదు. మన శ్రద్ధ ఎంతటిదో ప్రహరీ దగ్గరే తెలుస్తుంది: ఎనిమిదడుగుల గోడ, దానిపైన కరెంటు తీగ, నాలుగు మూలలా సీసీ కెమెరాలు. ఇంత కట్టుదిట్టం చేశాక ఏ దొంగా పొరపాటున కూడా మన కొలనులో పడి మునిగిపోయే అవకాశం లేదు.

ఇక ఇంట్లోవాళ్లంటారా, హాల్లో అద్దాల తలుపు జరిపితే ఎదురుగా నీళ్లే. రెండేళ్ల పిల్లవాడు ఆ తలుపు జరపలేడని మీరంటే, రెండేళ్ల పిల్లవాడిని మీరు పెంచలేదన్నమాట.

శాస్త్రం విషయంలోనూ లోటు రానివ్వలేదు. ఈశాన్యం నుంచి కాస్త పక్కకు జరిగిందని, తవ్విన గొయ్యిని పూడ్పించి మళ్లీ తవ్వించిన పెద్దమనిషిని నేనెరుగుదును. లోతు సంగతి సిద్ధాంతి గారు చెప్పలేదు కనుక మూడడుగుల మెట్టు దాటగానే ఏడడుగులయింది. లోతెంతో గట్టు మీద అంకె వేయిద్దామంటే ఇటాలియన్ మార్బుల్ అందం చెడుతుందన్నారు. తడిసినప్పుడు ఆ మార్బుల్ ఎంత నునుపో, దాని మీద నడవబోయిన బంధువులు వెల్లకిలా పడుకుని మరీ చెబుతారు. దిష్టికి మాత్రం బూడిద గుమ్మడికాయ వేలాడుతూనే ఉంటుంది, నిమ్మకాయ, మిరపకాయలు వారం వారం మారుతూనే ఉంటాయి.

మనకున్న ధీమా లేక పరాయి దేశాలవారు చట్టాలు చేసుకున్నారు. ఆస్ట్రేలియాలో ఇంటి కొలను చుట్టూ సాధారణంగా 1.2 మీటర్ల కంచె ఉండాలి, గేటు తనంతట తానే మూసుకుని గడియపడాలి. ఫ్రాన్స్ 2003లో చేసిన చట్టం ప్రకారం నేలలో కట్టిన కొలనుకు కంచె, అలారం, నీటిపై పరిచే కప్పు, మూసివేసే గూడు, వీటిలో ఏదో ఒకటి ఉండి తీరాలి. అమెరికాలో నాలుగడుగుల కంచెకు కిక్కురుమనకుండా చెక్కు రాసిచ్చే మన అబ్బాయే, సంక్రాంతికి వచ్చి ఇక్కడ కొలను కట్టిస్తూ కంచె మాటెత్తితే 'వ్యూ పోతుంది మామయ్యా' అంటాడు.

కొలను అడుగున పంపు నీళ్లు లాగే చోట ఒక జాలీ ఉంటుంది. 2002లో అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు, ఏడేళ్ల పిల్ల, ఈత బాగా వచ్చినదే, హాట్ టబ్ అడుగున అలాంటి చోటే నీటి లాగుడుకు అతుక్కుపోయి చనిపోయింది. 2007లో ఆ పాప పేరుతోనే జాలీల మీద చట్టం వచ్చింది. ఇక్కడ జాలీ ఊడితే, చెత్త తొందరగా పోతుందిలే అని ఊరుకుంటాము.

మునిగేవారు కేకలు వేస్తారన్నది మన మరో నమ్మకం. అందుకే పెద్దలందరూ చెవులు కొలనుకు అప్పగించి, కళ్లు పేకముక్కలకు అప్పగిస్తారు. ఊపిరికే నోరు చాలని మనిషి కేక వేయలేడని, చిన్నపిల్లలు చడీచప్పుడు లేకుండా నిమిషం లోపే మునిగిపోగలరని తెలిసినవారు చెప్పినా డీజే మోతలో వినపడదు.

అలాగని పరికరాలు కొనలేదనుకోవద్దు. గాలి హంస ఉంది. ఇది ప్రాణరక్షణకు కాదని దాని పొట్ట మీదే రాసి ఉంటుంది గాని, పొట్ట నీళ్లలో ఉంటుంది కనుక ఎవరికీ ఇబ్బంది లేదు. వాచ్‌మన్ ఉన్నాడు, ఈత వచ్చా అని అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. తాడు కట్టిన ఎర్రని లైఫ్ రింగ్ కూడా తెప్పించారు. గృహప్రవేశం నాడు దానితో అందరూ ఫొటోలు దిగాక, ఎండకు రంగు వెలిసిపోతుందని స్టోర్ రూములో పెట్టి తాళం వేశారు. ఆ తాళంచెవి భద్రంగా గచ్చిబౌలి ఫ్లాటులో ఉంది.