ఫిర్యాదు రాని చోట అవసరం లేనట్టేనా?

‘హైదరాబాద్ అసలు ముఖం అంకెల్లో’ అంటూ ఒక సందేశం కొంతకాలంగా తిరుగుతోంది. అపార్టుమెంటు గ్రూపులో ఒకరు పెడతారు. పాత సహోద్యోగుల గ్రూపులో మరొకరు పెడతారు. బంధువుల గ్రూపులో ‘తప్పక చదవండి, పది మందికి పంపండి’ అంటూ ఇంకొకరు. పంపేవాళ్లంతా చదువుకున్నవాళ్లు, ఊరి బాగు కోరేవాళ్లు. నాకు కోపం తెప్పించేది కూడా అదే. పేరు లేని మాట చెబితే సవాలక్ష ప్రశ్నలు వేసే మనుషులు, పక్కన ఒక అంకె కనబడగానే నోరు మూసుకుని ముందుకు పంపేస్తున్నారు.

సందేశంలో ఉన్నవి ఆరు మాటలు. చదరపు అడుగు ధరే ఒక ప్రాంతం అభివృద్ధికి కొలత. నగరంలో చదరపు కిలోమీటరుకు 18 వేల మందికి పైగా ఉన్నారు కనుక ఎక్కడ చూసినా ఒకటే ఇరుకు. ఫిర్యాదులు తక్కువ వచ్చే డివిజన్లలో, అంటే నగరపాలక సంస్థ వార్డుల్లో, జనం తృప్తిగా ఉన్నారు కనుక నిధులు ఫిర్యాదుల సంఖ్యను బట్టి పంచాలి. పన్ను కట్టే ప్రాంతాలకే సేవలు. డివిజన్ల లెక్కలను ఒకదానితో ఒకటి పోల్చలేం. కాబట్టి జనగణనకు వచ్చేవాళ్లకు వివరాలు చెప్పనక్కర్లేదు. మొదటి నాలుగు మాటలు అంకెల మీద నిలబెట్టి, చివరి రెండింటిలో అంకెలే దండగ అన్న ఈ రచయిత ఎవరో తెలియదు. జవాబు మాత్రం ఇవ్వాలి.

ధర సంగతి రెండు ముక్కల్లో తేల్చేయవచ్చు. 2023 ఆగస్టు వేలంలో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ పాట పెరిగినందువల్ల చుట్టుపక్కల నిర్మాణ కూలీల రేకుల షెడ్లకు ఒక్క బిందె నీళ్లు అదనంగా రాలేదు. ధర కొనేవాడి తాహతు చెబుతుంది. ఉన్నవాళ్ల అవసరం చెప్పదు.

జనసాంద్రత అంకె తప్పు కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్ జిల్లా విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లు, జనాభా 39,43,323. భాగిస్తే 18,172 వస్తుంది. కానీ ఆ 217లోనే హుస్సేన్‌సాగర్ ఉంది, కేబీఆర్ పార్కు ఉంది, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది, కంటోన్మెంటు మైదానాలు ఉన్నాయి. ఆ ఖాళీ అంతా కలిపి తీసిన సగటు అది. ఆ సగటు మనిషి నగరంలో ఏ వీధిలోనూ కాపురం ఉండడు. పైగా అదే జిల్లా జనాభా 2001 నుంచి 2011 వరకు పదేళ్లలో పెరిగింది మూడు శాతం కూడా లేదు. అదే కాలంలో చుట్టూ ఉన్న అప్పటి రంగారెడ్డి జిల్లా 48 శాతం పెరిగింది. అంటే నడిబొడ్డు నిండిపోయి, ఊరు అంచుల మీదికి పొంగింది. కొత్త పాఠశాల, కొత్త మురుగు లైను ఎక్కడ కావాలో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. సగటు ఒక్కటే పెట్టుకుంటే తెలియదు. ఇంకొకటి: జనాభా లెక్కలు మనిషిని నివాసం ఉన్నచోట లెక్కిస్తాయి. బేగంబజారులో పగలు సరుకు కొనేవాళ్లు, మోసేవాళ్లు, కోఠిలో బస్సులు మారేవాళ్లు ఆ అంకెలో ఉండరు. మరుగుదొడ్డి, తాగునీటి కుళాయి వాళ్లకూ కావాలి.

ఇక అసలు విషం ఉన్న మాట మూడోది. ఫిర్యాదులు తక్కువైతే సమస్యలు తక్కువట. వినడానికి న్యాయంగానే ఉంటుంది, అందుకే అది ప్రమాదం. చదువుకున్న మిత్రుల్లో ఎక్కువమంది ‘ఇది మాత్రం నిజం కదా’ అని నన్ను అడిగింది కూడా దీని గురించే.

ఒక ఫిర్యాదు నమోదు కావడానికి ఏమేమి కావాలో చూడండి. యాప్‌లో పెట్టాలంటే స్మార్ట్‌ఫోను, దాన్ని వాడే అలవాటు ఉండాలి. నీళ్ల గురించైతే బిల్లు మీది కనెక్షన్ నంబరు కావాలి. ఆ బిల్లు యజమాని పేరున ఉంటుంది, మిద్దె మీద ఒక్క గది అద్దెకు తీసుకున్న కుటుంబం చేతికి రాదు. అడిగితే ‘ఇష్టం లేకపోతే ఖాళీ చేయండి’ అన్న జవాబు రావచ్చు. సోమవారం ప్రజావాణికి వెళ్లి అర్జీ ఇవ్వాలంటే ఆ రోజు కూలి పోతుంది. పొద్దున్నే అడ్డా మీద నిలబడే మేస్త్రీకి, నాలుగిళ్లలో పాచిపని చేసే ఆమెకు జీతంతో కూడిన సెలవు ఎవరిస్తున్నారు? నాలా గట్టున ఇల్లు కట్టుకున్నవాళ్ల సంగతి మరీ ఘోరం. మురుగు ఇంట్లోకి వచ్చిందని వాళ్లు ఫోను చేస్తే, వచ్చిన అధికారి మొదట మురుగు చూస్తాడా, ఇంటి కాగితాలు అడుగుతాడా? ఆ భయం తెలిసినవాళ్లు బకెట్లతో నీళ్లు ఎత్తిపోసుకుంటారు తప్ప ఫోను తీయరు.

వీటన్నిటి పైన ఇంకొకటి కావాలి: ఫిర్యాదు చేస్తే ఎవరో ఒకరు వస్తారన్న నమ్మకం. ఆ నమ్మకం ఇదివరకు ఎవరైనా వచ్చినచోటే పుడుతుంది. వీధి దీపం కాలిపోతే మర్నాటికి మార్చే కాలనీలో జనం దీపం గురించీ చెబుతారు, ఎండిన కొమ్మ గురించీ చెబుతారు. ఏళ్ల తరబడి చెప్పీ చెప్పీ విసిగిన బస్తీలో ఎవరూ ఏమీ చెప్పరు. ఇప్పుడు ఫిర్యాదుల లెక్కన డబ్బు పంచండి. ఇప్పటికే బాగున్న కాలనీకి మళ్లీ నిధులు వెళతాయి, అక్కడ నమ్మకం పెరుగుతుంది, ఫిర్యాదులు ఇంకా పెరుగుతాయి. బస్తీ పేరు పట్టికలో అడుగుకు పోతుంది. ఆ అడుగునున్న అంకె చూపించి ‘అక్కడివాళ్లకు ఏ లోటూ లేదు’ అని మళ్లీ ఒక సందేశం వస్తుంది, మీరే మళ్లీ పంపుతారు. దీన్ని గణాంకం అనడానికి నాకు నోరు రాదు.

జ్వరాల లెక్క కూడా ఇదే దారి. డెంగీ కేసు అంటే పరీక్షలో తేలిన కేసు. జ్వరం వస్తే కార్పొరేటు ఆసుపత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకునే ప్రాంతం పట్టికలో ఎర్రగా కనిపిస్తుంది. వీధి చివరి ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుని మర్నాడు పనికి పోయే ప్రాంతం పచ్చగా ఉంటుంది. దోమకు ఈ తేడా తెలియదు. కేసుల పక్కన ఎన్ని పరీక్షలు చేశారో రాయని పట్టికను చూసి దోమల మందు ఎక్కడ కొట్టాలో నిర్ణయించడం ప్రజారోగ్యం ఎలా అవుతుంది?

2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషితమైన నీరు తాగి పలువురు చనిపోయారు. అంతకుముందు నెల అక్కడ ఎన్ని ఫిర్యాదులు నమోదయ్యాయన్న అంకెతో మనకేం పని? తక్కువ వచ్చి ఉంటే ఆ బస్తీ తృప్తిగా ఉందని రాసుకునేవాళ్లమా? కావలసిన అంకెలు వేరే. కుళాయి దగ్గర తీసిన నమూనాలో క్లోరిన్ ఎంత మిగిలింది, మంచినీటి గొట్టం వేసి ఎన్నేళ్లయింది, మురుగు గొట్టానికి అది ఎంత దూరంలో ఉంది, నీళ్లు రోజూ వస్తున్నాయా, రోజు విడిచి రోజా. వీటిని ఎవరో ఒకరు వెళ్లి కొలవాలి. వర్షపాతం కొలిచే యంత్రం చూడండి, అది ఎవరి అర్జీ కోసమూ ఆగదు. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడిందని మనకు తెలిసింది అందువల్లే. వందేళ్ల కిందట కూడా మనవాళ్లు ఈ పని చేశారు. 1908 మూసీ వరద వచ్చిన కొన్నేళ్లకే లియొనార్డ్ మన్ అనే అధికారి ఆధ్వర్యంలో వీధి వీధినీ, ఇంటింటినీ పటాల మీదికి ఎక్కించారు. ఎవరు అర్జీ పెట్టారో వాళ్ల ఇల్లే గీద్దామని అనుకోలేదు.

పన్ను సంగతి. బస్తీల నుంచి ఆస్తిపన్ను తక్కువ వస్తుందన్నది నిజం. కారణం కూడా చెప్పాలి కదా. ఏడాదికి 1,200 రూపాయల లోపు పన్ను పడే చిన్న ఇళ్లకు ప్రభుత్వమే దాన్ని 101 రూపాయలు చేసింది. ప్రభుత్వం ఇచ్చిన రాయితీని జనం ఎగవేతగా చూపించడం ఏ లెక్క? మాదాపూర్ అద్దాల భవనం కట్టే పన్ను మాదాపూర్ పద్దులో పడుతుంది. అందులో నేల తుడిచే ఆమె బోరబండ నుంచి వస్తుంది, కాపలా కాసే మనిషి అంతకంటే దూరం నుంచి వస్తాడు. వాళ్లు రాకపోతే ఆ భవనం వారం రోజులు నడుస్తుందా? అద్దెకుండేవాళ్లు ఇంటి పన్ను అద్దెలోనే కడుతున్నారు, రసీదు యజమాని పేరున వస్తుంది. ఇంక దీని మీద ఎక్కువ రాయను. నగరపాలక సంస్థ క్లబ్బు కాదు, సభ్యత్వ రుసుమును బట్టి సేవలు అందించడానికి.

ఐదో మాట దగ్గర నేను ఆగిపోయాను. అది సరైన మాటే. డివిజన్ల లెక్కలు నిజంగానే పోలికకు నిలబడవు. 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఏర్పడ్డాక 150 డివిజన్లు చేశారు, 2016 ఎన్నికల ముందు వాటి సరిహద్దులు మార్చారు, 2025 చివర 27 పట్టణ స్థానిక సంస్థలను కలిపి మొత్తం 300కు పెంచారు. 2011 జనాభా లెక్కలు చూపే వార్డుకూ ఇవాళ అదే పేరున్న డివిజన్‌కూ పొంతన ఉండాలని లేదు. పేర్లు కూడా మోసం చేస్తాయి. జూబ్లీహిల్స్‌లో పోలింగు తగ్గితే ‘బంగళాల వాళ్లు ఓటుకు రారు’ అని ప్రతిసారీ ఎవరో ఒకరు రాస్తారు. ఆ నియోజకవర్గంలో ఉన్నవి బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ, యూసఫ్‌గూడ. బంగళాల జూబ్లీహిల్స్‌లో చాలా భాగం ఖైరతాబాద్ నియోజకవర్గం కిందికి వస్తుంది. బంజారాహిల్స్ డివిజన్‌లోనూ పెద్ద ఇళ్ల వెనకే ఇరుకు బస్తీలున్నాయి. రెండింటినీ కలిపి సగటు తీస్తే బస్తీ మాయమైపోతుంది. కాబట్టి సందేశం రాసినవారితో ఇక్కడ నాకు తగవు లేదు. ఆయన దీని నుంచి అంకెలు మానేయమంటున్నారు. నేను ఇంకా చిన్న అంకెలు కావాలంటున్నాను. జనగణనలో ఒక్కో బ్లాకు కొన్ని వందల మంది ఉండే చిన్న ప్రాంతం. అంటే నాలుగైదు గల్లీలు. అక్కడి వివరాలు పేర్లు లేకుండా ఆ స్థాయిలో బయట పెడితే, సరిహద్దులు ఎన్నిసార్లు మార్చినా బ్లాకులు కూడి కొత్త డివిజన్ లెక్క కట్టుకోవచ్చు.

ఇక చివరిది, జనగణనకు వచ్చేవాళ్లకు వివరాలు చెప్పవద్దన్న సలహా. దీన్ని అపార్టుమెంట్లలో కూర్చుని పంపేవాళ్లతో నాకు ఓపిక లేదు. మీ ఇంటి వివరాలు బ్యాంకుకు, ఫోను కంపెనీకి, కిరాణా యాప్‌కు ఇచ్చారు. కుళాయి ఎక్కడుందని గణకురాలు అడిగితే మాత్రం మీకు గోప్యత గుర్తొచ్చింది.

కానీ మూసీ ఒడ్డున ఉన్నవాళ్లు భయపడితే నేను వాదించలేను. 2024 సెప్టెంబరు చివర చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్లకు సర్వే వచ్చింది. సర్వే చేసినవాళ్లు గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేసి వెళ్లారు. ఆ తర్వాత అక్కడ ఇళ్లు కూల్చారు. చేతిలో కాగితాలతో గుమ్మంలోకి వచ్చే ఏ మనిషైనా వాళ్లకు అదే గుర్తు చేస్తాడు. వాళ్ల అనుమానాన్ని మూర్ఖత్వం అనే హక్కు ఎవరికీ లేదు. ఇక్కడ తేడా విడమరచి చెప్పాల్సింది ప్రభుత్వమే. ఇల్లు తీసేయడానికి రాసే జాబితా వేరు, జనగణన వేరు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఒక ఇంటి గురించి రాసుకున్న వివరాలు ఎవరూ తనిఖీ చేయడానికి వీల్లేదు, సాక్ష్యంగా కోర్టులో పెట్టడానికీ వీల్లేదు. ఈ మాట ప్రతి బస్తీలో, తెలుగులో, ఉర్దూలో, మైకులో చెప్పాలి. సర్వేకు వెళ్లిన మనిషీ కూల్చివేతకు వెళ్లిన మనిషీ ఒకే శాఖవాడు కాకుండా చూడాలి.

చెప్పకపోతే నష్టం ఎవరికో 2014లో చూశాం. ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే అన్నారు. నగరంలో పనిచేసుకుంటున్న వేల కుటుంబాలు సొంతూళ్లలో పేరు రాయించుకోవాలని బస్సులకు వేలాడుతూ వెళ్లాయి. పథకాలు పోతాయేమో అన్న భయం అది. నీళ్లు వాడేదీ, బస్సు ఎక్కేదీ, పిల్లల్ని బడికి పంపేదీ ఇక్కడ. లెక్కకు ఎక్కింది అక్కడ. 2018 నుంచి బస్తీ దవాఖానాలు వస్తున్నాయి. ఒక్కొక్కటి ఐదు నుంచి పది వేల మందికి అన్నారు. లెక్కలో లేని మనిషి ఆ పది వేలలో ఉండడు.

2027 జనగణనకు ప్రామాణిక తేదీ మార్చి 1. దానికి ముందు జరిగే ఇళ్ల లెక్కింపులో తాగునీరు ఎక్కడి నుంచి వస్తుంది, కుళాయి ఇంటి ఆవరణలో ఉందా బయటా, మరుగుదొడ్డి సొంతమా పంచుకునేదా, మురుగు ఏ కాలువలోకి పోతుంది అని అడుగుతారు. అద్దె ఇల్లైనా, రేకుల షెడ్డైనా, ఆధార్‌లో చిరునామా పాలమూరుదైనా, మీరు ఉంటున్నది ఇక్కడైతే ఇక్కడే చెప్పండి. మిద్దె మీద గదిలో వేరే పొయ్యి ఉంటే అది వేరే కుటుంబం. ఆ సంగతి ఇంటి యజమానులు దాచవద్దు. మీ ఇంట్లో పనిచేసే ఆమెను, వాచ్‌మన్‌ను కూడా అడగండి, వాళ్ల గది లెక్కలోకి వచ్చిందో లేదో.