వరదకు వీడియో ఉంది, కరవుకు లేదు

2021 నవంబరు 19న చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. రాజంపేట ప్రాంతంలో నీళ్ళ మధ్య చిక్కిన ఆర్టీసీ బస్సును, దానిపైకెక్కి కూర్చున్న ప్రయాణికులను రాష్ట్రమంతా ఫోన్లలో చూసింది. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు ఇంతమంది చేతుల్లో కెమెరాలు లేవు. విలేకరి వచ్చేదాకా, జిల్లా పేజీలో చోటు దొరికేదాకా ఊరు ఎదురుచూడాల్సిన రోజులు పోయాయి. ఫోన్ ఉన్న మామూలు మనిషే వార్త చెప్పే పౌర జర్నలిస్టు అయ్యాడు. సంతోషమే.

అయితే కెమెరాకూ పక్షపాతం ఉంది. తొలకరి పడ్డాక కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రం దొరికిందంటే సాయంత్రానికల్లా వీడియో అన్ని గ్రూపుల్లో తిరుగుతుంది (గ్రూపు మారినప్పుడల్లా వజ్రం ధర కూడా పెరుగుతుంది). పక్కనే అనంతపురంలో వేరుశనగ దెబ్బతింటే ఎవరూ పంపరు. పంపినా ఎవరూ చూడరు.

దీన్ని జనం అశ్రద్ధ అని కొట్టిపారేయలేం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల అటూఇటూగా వాన పడే ఈ నేలలో కరవు ఒక్క రోజులో రాదు. వేరుశనగ పూత నుంచి కాయ కట్టడానికి ఊడలు నేలలోకి దిగే దశలో వాన మొహం చాటేస్తే చాలు. నేల గట్టిపడి ఊడలు లోపలికి పోవు, పోయినవాటిలో గింజ కట్టదు. ఆ తర్వాత ఒక వాన పడిందా, చేను మళ్ళీ పచ్చబడుతుంది. గట్టు మీద నిలబడి వీడియో తీస్తే పంట బ్రహ్మాండం. మొక్క పీకి చూస్తే నాలుగు లొట్టకాయలు.

అందుకే మన దగ్గర పౌర జర్నలిస్టు వీడియోల కన్నా ముందు లెక్కలు రాయాలంటాను. అదే చేను, అదే గట్టు నుంచి వారానికో ఫొటో, తేదీతో సహా. మండల వర్షమాపకంలో నమోదైన వాన ఎంత, మన ఊళ్ళో పడిందెంత? వాతావరణ ఆధారిత పంటల బీమాలో పరిహారం తేలేది వర్షమాపకం అంకెలతోనే. దిగుబడి ఆధారిత బీమా అయితే పంట కోత ప్రయోగాలు (దిగుబడి అంచనాకు కొన్ని పొలాల్లో పంట కోసి తూచడం) ఏ పొలాల్లో చేశారు, ఎంత తూకం రాశారు? 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి.

పుకార్ల బెడద అందరికీ తెలిసిందే. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయన్న వదంతులకు అమాయకుల ప్రాణాలు పోయాక, 2018లో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. తేదీ, చోటు, అంకె ఉన్న సమాచారాన్ని మాత్రం ఎవరైనా సరిచూసుకోవచ్చు.

ఊళ్ళో చదువుకున్న కుర్రవాడో అమ్మాయో ఒక ఖరీఫ్ అంతా ఈ పని చేస్తే, నష్టం అంచనాకు వచ్చిన బృందం ‘చేను పచ్చగానే ఉంది కదా’ అన్నప్పుడు రైతు ముందు పెట్టడానికి ఏదో ఒకటి ఉంటుంది. జిల్లా పేజీ విలేకరి అడిగేదీ అదే.