కోసే ముందు ఒక్క మాట అడగండి

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్ తెలుగు ఇళ్లలో ఈ మధ్య సాయంత్రం పూట ఎవరైనా వస్తే పళ్లెంలో జంతికలు రావడం లేదు, శాండ్‌విచ్ వస్తోంది. దాని మీద నాకు కోపమేమీ లేదు. పొయ్యి ముందు కూర్చుని జంతికలు వత్తే ఓపిక ఈ రోజుల్లో ఎవరికుంది? నా తగువల్లా దాన్ని కోసే తీరుతో. వచ్చినవారిని మాటమాత్రం అడగకుండా నాలుగు అంచులూ చెక్కేసి, మూల నుంచి మూలకు కోసి, పైన కాస్త సేవ్, అదే సన్న కారప్పూస, చల్లి తెచ్చి ముందు పెడతారు. కాఫీలో పంచదార ఎన్ని చెంచాలు వెయ్యమంటారని రెండుసార్లు అడిగే ఇంట్లోనే ఈ దౌర్జన్యం జరుగుతుంది.

ఇది చిన్న విషయం కాదని నా వాదన. మన భోజనం సంగతి చూడండి. వడ్డించేవారి పని విస్తట్లో పదార్థాలు పెట్టడంతో అయిపోతుంది. ఆపైన అంతా తినేవారి ఇష్టం. పప్పులో ఆవకాయ నంజుకోవాలా, ఏకంగా కలిపేయాలా, నెయ్యి మొదటి ముద్దకేనా చారు దాకా ఉండాలా, చారును జారుగా కలపాలా గట్టిగానా అన్నది ఎవరికి వారే తేల్చుకుంటారు. ఒక పంక్తిలో పదిమంది కూర్చుంటే ఒకే పప్పన్నాన్ని పది రకాలుగా తింటారు. పెరుగన్నం చివరి ముద్ద కోసం ఊరమిరపకాయను విస్తరి అంచున దాచిపెట్టుకునేవారు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. తెలుగువాడి భోజనంలో వంట సగమే వంటింట్లో జరుగుతుంది, మిగతా సగం వేళ్ల మధ్య జరుగుతుంది.

శాండ్‌విచ్‌లో ఈ అధికారమంతా చేసినవారికే పోయింది. ఏ ముక్కలో ఎంత చట్నీ, ఎక్కడ ఉల్లి, ఎక్కడ టమాటా అన్నది మన నోటి దాకా రాకముందే తేలిపోతుంది. దాని పుట్టుక కూడా అలాంటిదే. ఇంగ్లండులో నాలుగో ఎర్ల్ ఆఫ్ శాండ్‌విచ్ అనే బిరుదున్న ప్రభువు జాన్ మాంటేగు (1718-1792) పేకాట బల్ల దగ్గర నుంచి లేవకుండా తినడానికి రొట్టెల మధ్య మాంసం పెట్టించుకున్నాడని కథ. పేకాట కాదు, ఆఫీసు పనిలో మునిగి అలా తినేవాడని అనేవారూ ఉన్నారు. 1762 నాటికే చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబ్బన్ దినచర్యలో ఈ తిండి పేరు కనిపిస్తుంది. పేకాటైనా, కాగితాలైనా, ఒక చెయ్యి వేరే పనిలో ఉన్నవారి కోసం పుట్టిన తిండి అది. మనకు తినడమే చేతికి పని. అందుకే శాండ్‌విచ్ ముందు కూర్చున్న తెలుగువాడు ఏదో పోగొట్టుకున్నట్టు దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూస్తాడు. పై రొట్టె ఎత్తి లోపల ఏముందో చూస్తాడు, వీలుంటే కాస్త కారప్పొడి దూరుస్తాడు. అది మర్యాద కాదని కసురుకునేవారికి నా సమాధానం: కలుపుకునే హక్కు లేనప్పుడు కనీసం తెరిచి చూసే హక్కయినా ఉండాలి కదా.

ఈ ప్రాంతానికి రొట్టె కొత్త కాదు గానీ, మన ఇళ్లకు అది చాలాకాలం జ్వరం తిండిగానే తెలుసు. ఇక్కడి తెలుగువారిలో గోదావరి దాటి కాగితం మిల్లుకో, బొగ్గు గనులకో, రైల్వేకో పనికి వచ్చినవారున్నారు. తాము కదలకుండానే మహారాష్ట్రలోకి వచ్చినవారూ ఉన్నారు. రాజురా వైపు 1956కు ముందు హైదరాబాదు రాష్ట్రమే. కాళేశ్వరానికి ఎదురుగడ్డన ఉన్న సిరోంచలో ఈనాటికీ బజారులో తెలుగు వినిపిస్తుంది. ఎటునుంచి వచ్చినా అందరి ఇళ్లలోనూ రొట్టెది ఒకటే కథ. ప్రభుత్వం 1965లో మోడరన్ బేకరీస్ పెట్టాక కాగితం చుట్టిన రొట్టె ఊళ్లలో కనబడసాగినా, దాన్ని కొనేది ఆసుపత్రిలో ఉన్నవారిని చూడబోయేటప్పుడే. ఒక రొట్టె పొట్లం, నాలుగు బత్తాయిలు. ఆరోగ్యంగా ఉన్న మనిషి రొట్టె తింటుంటే ఒంట్లో ఎలా ఉందని అడిగేవారు. ఆ రొట్టెకు పచ్చిమిర్చి రాసి గౌరవం తెచ్చింది మన మరాఠీ పొరుగువారే.

శాండ్‌విచ్ బండివాడి చెయ్యి చూడటం నాకు ఇష్టం. రొట్టె ముక్కలకు వెన్న అంచు దాకా రాస్తాడు, దాని మీద కొత్తిమీర, పచ్చిమిర్చి నూరిన చట్నీ. ఉడికిన బంగాళాదుంప చక్రాలు, కీర, టమాటా, బీట్‌రూట్, ఉల్లి ఒకదాని మీద ఒకటి పరుస్తాడు. ఒక్కో వరుసకూ పైనుంచి చిటికెడు మసాలా రాలుతుంది. పొడుగు పిడి ఉన్న చేతి టోస్టర్‌లో బిగించి మంట మీద ఇటూ అటూ తిప్పుతాడు. తీసి చెక్క మీద పెట్టి, అడ్డంగా ఒక కోత, నిలువుగా రెండు కోతలు వేస్తే ఆరు ముక్కలు. ఇద్దరు స్నేహితులు కలిసి వెళితే వారి కన్నంతా నడిమి రెండు ముక్కల మీదే. మూల ముక్కల్లో రొట్టె ఎక్కువ, నడిమి ముక్కల్లో కూర ఎక్కువ. బండివాడు కూడా అడగకుండానే కోస్తాడు, నిజమే. కానీ మనం ఎదురుగా నిలబడి ఉంటాం. కారం తగ్గించమంటే తగ్గిస్తాడు, ఉల్లి వద్దంటే మానేస్తాడు, రెండే ముక్కలు చాలంటే కత్తి ఆపుతాడు. ఇంట్లో అతిథికి అంత పలుకుబడి ఉండదు.

వెన్న అంచు దాకా రాయడం అలంకారానికి కాదు. కొవ్వు నీటిని ఆపుతుంది కనుక టమాటా రసం రొట్టెలోకి దిగదు. కీరకు ఉప్పు తగిలితే నీరు వదులుతుంది. బండి దగ్గర వెంటనే తినేస్తాం కాబట్టి పరవాలేదు గానీ, పొద్దున చేసి మధ్యాహ్నం తినే డబ్బాలో పెట్టేవారు ఉప్పు లోపల చల్లకూడదు, విడిగా కట్టి ఇవ్వాలి. మొదటి షిఫ్టుకు వెళ్లేవారి డబ్బాలోంచి గులాబీ రంగుకు తిరిగి ముద్దయిపోయిన రొట్టె బయటికి రావడం గని కాలనీల్లో కొత్త దృశ్యమేమీ కాదు. డబ్బా శాండ్‌విచ్‌ను కోయకుండా పంపడమే మేలని కూడా నా అభిప్రాయం. కోసిన ప్రతి చోటా అది ఎండుతుంది, లేదా కారుతుంది. తినే ముందు రెండుగా తుంచుకోవడానికి చేతులున్నాయి.

ఇక ఎంగిలి సంగతి. శాండ్‌విచ్‌ను ఒకసారి కొరికితే ఇక అది కొరికినవారిదే. బడిపిల్లలు జామకాయను చొక్కా అంచులో చుట్టి కొరికి, కాకి ఎంగిలి అని పంచుకుంటారు. పచ్చటి చట్నీ కారుతున్న శాండ్‌విచ్‌తో ఆ ఉపాయం చేస్తే ఇంటికొచ్చాక చొక్కాకు జవాబు చెప్పుకోవాలి. మన ఇళ్లలో నాలుగు ముక్కల కోత స్థిరపడటానికి కారణం ఇదేనని నా గట్టి అనుమానం. నాలుగు ముక్కలైతే ఒకటి చెల్లెలికి, ఒకటి పక్కింటి పిల్లాడికి ఇవ్వవచ్చు, ఎవరి ఎంగిలీ ఎవరికీ అంటదు. మరాఠీ ఇళ్లలోనూ ఈ పట్టింపు ఉంది కనుక, బడి భోజన విరామంలో డబ్బాల మధ్య ముక్కలు ఇటూ అటూ సాఫీగా తిరుగుతాయి. దీనికి తోడు ఎడమ చెయ్యి. పూర్తి శాండ్‌విచ్ పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. ఎడమ చేతిని విస్తరి దగ్గరికే రానివ్వని పెద్దవారికి అది ప్రాణసంకటం. ముక్క చేస్తే కుడి చెయ్యి ఒక్కటే చాలు. కాబట్టి కోయవద్దని నేను అనడం లేదు. ఎంతమంది పంచుకుంటారు, ఎన్ని చేతులతో తింటారు అన్నది తెలిశాక కోయమంటున్నాను.

పెద్దవారు శాండ్‌విచ్‌ను కూడా కత్తిపీట మీదే కోసేవారు, కొందరు ఇప్పటికీ కోస్తారు. మరాఠీ ఇళ్లలో విళీ కూడా అలాంటిదే. కత్తి కదలదు, రొట్టే కదులుతుంది. రెండు చేతులతో నిలబెట్టి పట్టుకుని నెమ్మదిగా కత్తి మీదకు తోస్తే రొట్టె నలగకుండా తెగుతుంది గానీ, వెనక వైపు నుంచి ఒక ఉల్లి చక్రం జారి పీట కింద పడి తీరుతుంది. మొండి చాకుతో పైనుంచి నొక్కడం కంటే అది వెయ్యి రెట్లు నయం. చాకే వాడతామనేవారు పళ్లున్న చాకు తీసుకుని రంపంలా లాగాలి, నొక్కకూడదు.

అడ్డకోతా, మూలకోతా అన్న పాత తగువులో నాది మూలకోత పక్షం. 10 సెంటీమీటర్ల చదరపు రొట్టెను అడ్డంగా కోస్తే తెరుచుకునే అంచు 10 సెంటీమీటర్లే. మూలకు కోస్తే 14 సెంటీమీటర్లకు పైన. కూర కనబడే వైపు పెరుగుతుంది, కొరకడానికి సన్నటి కొస దొరుకుతుంది, చట్నీ బుగ్గలకు అంటదు. అయితే ఇది నా ఇష్టం. మా ఇంట్లోనే అడ్డకోతవారున్నారు, డబ్బాలో పొందికగా పడుతుందని వారి వాదన. వారికి మూలకోత ముక్క ఇస్తే ముఖం చిట్లిస్తారు. వారి ముక్క వారే కోసుకుంటారు, ఇంట్లో శాంతిగా ఉంది.

అంచులు చెక్కే అలవాటును మాత్రం నేను సహించలేను. రొట్టెలో నిజంగా కాలినది, రంగు తిరిగినది, రుచి పట్టినది ఆ అంచే. అది గట్టిగా ఉంటేనే వేళ్లకు పట్టు దొరుకుతుంది, లోపలి సరుకు జారదు. పైగా లెక్క చూడండి. 10 సెంటీమీటర్ల ముక్కకు చుట్టూ ఒక్క సెంటీమీటరు చెక్కితే మిగిలేది ఎనిమిదికి ఎనిమిది. అంటే 36 శాతం రొట్టె పోయింది. ఏదో సన్నగా గీసినట్టు అనిపిస్తుంది గానీ మూడో వంతుకు పైగా చెత్తబుట్టకు వెళుతుంది. ఇంట్లో అయితే ఆ అంచులకు పోపు పెట్టి, ఉల్లిపాయ, కరివేపాకు వేసి బ్రెడ్ ఉప్మా చేసుకుంటారు, అది ఒక్కోసారి అసలు శాండ్‌విచ్ కంటే బాగుంటుంది కూడా. విందుల్లో చెక్కిన అంచులకు ఆ భాగ్యం లేదు. పళ్లు కట్టించుకున్నవారికి అంచు ఇబ్బందే, వారికి చెక్కి ఇవ్వాల్సిందే. అదీ అడిగి తెలుసుకోవలసిన సంగతే.

రొట్టె కోసే పని ఇంటి నుంచి పోయింది 1928లో. అమెరికాలో మిసోరీ రాష్ట్రంలోని చిల్లికోతీ అనే ఊళ్లో ఒట్టో రోవెడర్ అనే ఆయన తయారుచేసిన యంత్రంతో కోసిన రొట్టె ఆ ఏడాది మొదటిసారి అమ్మకానికి వచ్చింది. యుద్ధకాలంలో, 1943 జనవరిలో, కోసిన రొట్టెను అక్కడి ప్రభుత్వం నిషేధిస్తే జనం ఊరుకోలేదు, మార్చిలోనే ఎత్తేయాల్సి వచ్చింది. సుఖం మరిగిన చెయ్యి మళ్లీ కత్తి పట్టదు. సరే, రొట్టె ముక్కలు యంత్రమే చేస్తోంది. మిగిలిన ఆ చివరి కోతనైనా తినేవారికి వదిలేయాలి.

ఈ విషయంలో వడాపావు మర్యాద తెలిసిన తిండి. 1966లో ముంబైలోని దాదర్ స్టేషన్ దగ్గర అశోక్ వైద్య మొదలుపెట్టారని చెప్పే ఆ వడాపావులో పావును, అంటే ఆ మెత్తటి చిన్న రొట్టెను, పూర్తిగా కోయరు, ఒక వైపు అతికే ఉంటుంది, కావాలంటే మనమే తెరుచుకుంటాం. పక్కన వేయించిన పచ్చిమిర్చి విడిగా ఇస్తారు. ఏ ముద్దకు కొరుక్కోవాలో, ఎంత కొరుక్కోవాలో తినేవారే చూసుకోవాలి. మన విస్తట్లో ఊరమిరపకాయకు ఉన్న స్వేచ్ఛే అది. అందుకే వడాపావు మనవారికి మొదటి రోజే నచ్చేసింది, శాండ్‌విచ్‌కు మాత్రం ఇంకా మొహమాటమే.

మన తెలుగు సంఘం ఉగాది కలయిక దగ్గరపడుతోంది. ఆ రోజే మన పొరుగువారికి గుడిపాడ్వా కనుక వారూ వస్తారు. సాయంత్రం ఉపాహారంలో శాండ్‌విచ్‌లు ఉంటాయని విన్నాను. మధ్యాహ్నమే చెక్కి, కోసి, పళ్లేల్లో పేర్చి పెట్టవద్దని నా విన్నపం. మన ఊళ్ల ఎండకు అవి సభ మొదలయ్యేలోపు అప్పడాలవుతాయి. రొట్టెను కోయకుండా తడిబట్ట కింద ఉంచండి. వెన్న, కొత్తిమీర పచ్చడి, ఠేచా (మరాఠీవారి మిరపకాయ పచ్చడి), వేరుశెనగ పొడి గిన్నెల్లో పెట్టండి. పళ్లున్న చాకులు రెండు మూడు, వాటి దగ్గర నిలబడటానికి ఓపిక ఉన్న ఇద్దరు యువకులు చాలు. అడ్డంగానా, మూలకా, అసలు కోయవద్దా అని వారు ప్రతివారినీ అడగాలి, అంతే.

వరస కదలదని వంట కమిటీవారు అంటారని తెలుసు. నిరుడు దోసెల దగ్గర కూడా వరస కదల్లేదు, ఎవరూ వెళ్లిపోలేదు. పిల్లలు చాకుల జోలికి వస్తారంటే బల్ల కాస్త ఎత్తుగా వేయండి. ఠేచా గిన్నె మీద తెలుగులోనూ మరాఠీలోనూ కారం అని రాసి పెట్టండి. బీట్‌రూట్ మాత్రం బల్ల చివర, విడిగా, మూత ఉన్న గిన్నెలో ఉంచండి. ఆ రోజు సగం మంది తెల్ల పంచెల్లో వస్తారు.