సింగిల్ మార్కెట్ గారికి ఒక పచ్చళ్ల వ్యాపారి అర్జీ

మహారాజశ్రీ యూరోపియన్ సింగిల్ మార్కెట్ గారి దివ్య సముఖానికి,

జర్మనీలో ఓ మూల చిన్న పచ్చళ్ల వ్యాపారం చేసుకుంటున్న తెలుగువాడు నమస్కరించి రాసుకునే అర్జీ. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమమేనని వేరే అడగక్కర్లేదు. తమకు కాస్త నలతగా ఉన్నా అది కొత్త నిబంధనగా మారి వచ్చేది మాకే.

ఇప్పుడు ఇరవై ఏడు దేశాలున్న యూరోపియన్ యూనియన్‌ను ఒకే అంగడిగా చేస్తూ తమరు 1993 జనవరి 1న అవతరించారు. సరుకులు, సేవలు, పెట్టుబడి, మనుషులు ఎక్కడా ఆగకుండా తిరగొచ్చని వరమిచ్చారు. ఆ వరం అబద్ధమని నేననను. నా ఆవకాయ పార్శిల్ మా కొలోన్ నుంచి ఫ్రాన్స్‌లోని లియోన్‌కు వెళ్తుంటే దారిలో ఎవరూ ఆపరు. కస్టమ్స్ ఆఫీసరు మూత తీసి వాసన చూడడు. సరిహద్దు దగ్గర చెక్‌పోస్టు గది తాళం వేసి ఉంటుంది. అక్కడ ఉండాల్సిన కాగితాలు మాత్రం మా ఇంట్లో, మా ఆవిడ బట్టల బీరువా సగం ఆక్రమించి ఉన్నాయి. లారీ ఆగదు. లారీలో సరుకు పెట్టినవాడు ఆగుతాడు.

ముందు పన్ను సంగతి. ఒకటే మామిడికాయ, ఒకటే కారం, ఒకటే సీసా. జర్మనీలో తింటే 7 శాతం వ్యాట్. ఫ్రాన్స్‌లో 5.5. లక్సెంబర్గ్‌లో 3. డెన్మార్క్ దాకా వెళ్లిందంటే 25, ఎందుకంటే అక్కడ తిండికీ టీవీకీ ఒకటే రేటు. ఏటా ఇతర దేశాల ఇళ్లకు పంపే సరుకు మొత్తం 10,000 యూరోలు దాటనంతకాలం మన దేశం రేటే వేసుకోవచ్చు. దాటిందా, తినేవాడు ఏ దేశంలో ఉంటే ఆ దేశం రేటు వేయాలి. పాపం తమరు దయతలిచి 2021 జులై 1 నుంచి వన్ స్టాప్ షాప్ అని ఒక కిటికీ తెరిచారు. మూడు నెలలకొకసారి ఒక్క చోట లెక్క చెప్పి డబ్బు కడితే, అన్ని దేశాలకూ తమరే పంచుతారు. నిజం చెప్పాలంటే ఇది బాగుంది. వ్యంగ్య లేఖలో పొగడ్త రాయకూడదని లేదు కాబట్టి రాస్తున్నాను. లెక్కలు మాత్రం పదేళ్లు దాచాలి. ఆవకాయ ఏడాది నిలుస్తుంది, దాని లెక్క పదేళ్లు నిలవాలి.

అయితే ఆ కిటికీకి ఎదురుగా ఒక గొయ్యి ఉంది. పోలండ్‌లో గోడౌన్ అద్దె తక్కువ కదా అని అక్కడ నాలుగు డబ్బాలు దించితే చాలు, మనం పోలండ్‌లో వేరేగా వ్యాట్ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఈ బాధ 2028 నుంచి తీరుస్తామని మాటిచ్చారు. డబ్బాలకు చెప్పాను, అప్పటిదాకా ఓపిక పట్టమని.

వ్యాపారికి అమ్మితే మరో పద్ధతి. ఆమ్‌స్టర్‌డామ్‌లో టిఫిన్ సెంటర్ నడిపే మనవాడు ఫోన్ చేసి, "అన్నా, ఇరవై కిలోలు గోంగూర పంపు, బిల్లులో పన్ను వెయ్యకు, ఇక్కడ నేను కట్టుకుంటా" అంటాడు. చట్టం ప్రకారం అతను చెప్పింది కరెక్టే. కానీ అతని వ్యాట్ నంబరు నిజమైనదో కాదో నేను తమ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి, సరుకు నిజంగా దేశం దాటిందని రుజువు దాచుకోవాలి, ఆ అమ్మకాన్ని వేరే జాబితాలో రాసి పంపాలి. ఇందులో ఏది తప్పినా ఆ పన్ను నా నెత్తిన పడుతుంది. "నంబరు పంపు తమ్ముడూ" అంటే, "అంత నమ్మకం లేదా అన్నా" అని అలుగుతాడు. నమ్మకం నాకుంది. ఆడిటర్‌కు లేదు.

ఇక లేబుల్. తమ ఆహార సమాచార చట్టంలో 14 అలర్జీ పదార్థాల జాబితా ఉంది. అందులో ఆవాలున్నాయి, నువ్వులున్నాయి, వేరుశనగా ఉంది. అంటే మా ఆవకాయ పేరులో ఒకటి, నూనెలో ఒకటి. వాటిని లేబుల్ మీద బోల్డు అక్షరాల్లోనో మరోలానో ప్రత్యేకంగా కనబడేలా అచ్చు వేయాలి. సంతోషం, ప్రాణాల మీదికొచ్చే విషయం, దాని మీద జోకులెయ్యను. కానీ ఏ భాషలో? కొనేవాడి దేశం చెప్పిన భాషలో. బెల్జియంలో అయితే ఒకవైపు డచ్చి, మరోవైపు ఫ్రెంచి, తూర్పు మూలన జర్మన్. ఫ్రాన్స్‌లో 1994 చట్టం ఒకటుంది, ఫ్రెంచి లేకుండా సరుకు అమ్మడం కుదరదు. అది కొనేది లియోన్‌లో ఉండే గుంటూరు అమ్మాయే అయినా సరే. ఆవకాయలో ఆవాలుంటాయని ఆమెకు ఫ్రెంచిలో చెప్పే భాగ్యం తమ వల్ల నాకు దక్కింది.

ఇప్పుడు నన్ను కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి, చెత్త గురించి రాయాలి.

తినేసిన సీసా ఎక్కడికి పోవాలన్నది ఒక్కో దేశంలో ఒక్కో శాస్త్రం. జర్మనీలో మొదటి సీసా అమ్మకముందే లూసిడ్ అనే ప్యాకేజింగ్ రిజిస్టర్‌లో పేరు రాయించుకోవాలి. కనీస పరిమితి లేదు, ఒక్క సీసా అయినా ఒకటే. గాజు ఎంత, మూత రేకు ఎంత, అట్టపెట్టె ఎంత అని తూకం వేసి, రీసైక్లింగ్ కంపెనీకి ముందే డబ్బు కట్టాలి. కట్టకుండా అమ్మితే జరిమానా 2,00,000 యూరోల దాకా వేయొచ్చు. సరే, జర్మనీ అంటే జర్మనీ, కట్టాం. కానీ అదే సీసా ఫ్రాన్స్ గుమ్మం తొక్కితే అక్కడ మళ్లీ వేరే సంస్థలో రిజిస్ట్రేషన్, వేరే నంబరు, మళ్లీ తూకం. పైగా త్రిమాన్ అనే గుర్తు వేసి, ఏ ముక్క ఏ చెత్తబుట్టలో వెయ్యాలో బొమ్మలతో చూపించాలి. ఇటలీకి బొమ్మలు నచ్చవు, కోడ్‌లు కావాలి. రంగులేని గాజుకు జీఎల్ 70, స్టీలు మూతకు ఎఫ్ఈ 40, కాగితానికి పీఏపీ 22. ఆస్ట్రియా 2023 నుంచి మరో మెట్టు పైకెక్కింది. అక్కడ ఆఫీసు లేకుండా ఆన్‌లైన్‌లో అమ్మేవాడు ఒక స్థానిక ప్రతినిధిని పెట్టుకోవాలి. ఆ ప్రతినిధికిచ్చే అధికారపత్రం నోటరీ ముందు సంతకం చేయాలి. వియన్నాకు నేను పంపింది ఒక్క కుటుంబానికి, సంక్రాంతికి, రెండు సీసాలు. వాటి వెనుక ఒక ప్రతినిధి, ఒక నోటరీ. మా నాన్నగారి పొలం రిజిస్ట్రేషన్‌కు కూడా ఇంత మంది రాలేదు.

ఫ్రాన్స్ గుర్తు మరీ ఎక్కువైందని తమ యూరోపియన్ కమిషనే 2023లో ఆ దేశానికి నోటీసు పంపింది. దాన్ని చదివి నేను చప్పట్లు కొట్టాను. గుర్తు మాత్రం తీసేయలేదు. తమరూ తమ సభ్యదేశాలూ పోట్లాడుకున్నప్పుడు ఎవరి పక్షాన నిలబడాలో మాకు తెలియదు, అందుకని ఇద్దరి కాగితాలూ నింపుతాం.

తమరు ఇలా ఉండాల్సిన వారు కాదు. తమ పూర్వజన్మలోని ఒక మంచి రోజు గుర్తుచేయనివ్వండి. అప్పట్లో జర్మనీ చట్టం పండ్ల లిక్కర్‌లో కనీసం 25 శాతం ఆల్కహాల్ ఉండాలనేది. ఫ్రాన్స్‌లోని దిజాన్ నుంచి వచ్చే కాసిస్ అనే పండ్ల లిక్కర్‌లో ఉండేది 15 నుంచి 20. కాబట్టి అమ్మడానికి వీల్లేదన్నారు. కారణం అడిగితే జర్మనీ ప్రభుత్వం కోర్టులో ఏం చెప్పిందో తెలుసా? తక్కువ ఘాటున్న మందు జనానికి తొందరగా అలవాటవుతుందట, కాబట్టి ప్రజారోగ్యం దృష్ట్యా ఘాటైనదే అమ్మాలట. మా వైపు సారా కాంట్రాక్టర్లకు కూడా తట్టని వాదన ఇది. లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ కోర్టు న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. ఒక సభ్యదేశంలో చట్టబద్ధంగా తయారై అమ్ముడుపోయే సరుకును తగిన కారణం లేకుండా ఇంకో దేశం ఆపకూడదని 1979లో తీర్పిచ్చారు. తమ వంశమంతా ఆ తీర్పు మీదే నిలబడింది. కానీ "తగిన కారణం" అన్నారు చూడండి, వినియోగదారుడి రక్షణ, పర్యావరణం ఆ ఖాతాలోకే వస్తాయి. త్రిమాన్ గుర్తు నుంచి ఆస్ట్రియా నోటరీ దాకా అందరూ ఆ ఖాతాదారులే. ఉమ్మడి కుటుంబమని ఊరంతా చెప్పుకుంటారు గానీ ఇంట్లోకి వెళ్లి చూస్తే పొయ్యిలు ఇరవై ఏడు.

అమ్మిన తర్వాత కూడా తమ కృప ఆగదు. ఆన్‌లైన్‌లో కొన్నవారు 14 రోజుల్లోపు ఏ కారణం చెప్పకుండా వెనక్కి ఇచ్చేయొచ్చు. ఈ హక్కు ఉందని నేను ముందే చెప్పకపోతే గడువు ఇంకో 12 నెలలు పెరుగుతుంది. త్వరగా పాడయ్యే తిండికి మినహాయింపు ఉంది. చూశారా, పచ్చడి సరిగ్గా పెట్టినందుకు శిక్ష! నూనె తక్కువేసి బూజు పట్టించేవాడికి మినహాయింపు, మా అమ్మ చెప్పిన కొలతలతో ఏడాది నిలిచేలా పెట్టినవాడికి రిటర్న్ పార్శిల్. సీలు తీస్తే మాత్రం పరిశుభ్రత పేరుతో తిప్పికొట్టొచ్చు, అంతవరకు ధన్యుణ్ణి.

గొడవ వస్తే కోర్టు ఎక్కడ? నా సైటు కింద "అన్ని వివాదాలూ కొలోన్ కోర్టు పరిధిలోనే" అని రాసుకుంటే నాకు తృప్తి. అంతే, ఇంకేం ఉండదు. ఫలానా దేశపు కొనుగోలుదారులను ఉద్దేశించి నేను అమ్ముతున్నానని తేలితే, వారు వారి ఊరి కోర్టులోనే కేసు వేయొచ్చు, వారి దేశం చట్టమిచ్చే రక్షణను నేను ఒప్పందంలో తీసెయ్యలేను. ఉద్దేశించానా లేదా అని ఎలా తెలుస్తుంది? 2010లో ఒక ఆస్ట్రియా హోటల్ కేసులో తమ కోర్టు కొన్ని గుర్తులు చెప్పింది: వాడిన భాష, కరెన్సీ, వెబ్‌సైట్ పేరు చివరి తోక, ఫోన్ నంబరు ముందు దేశం కోడ్. అంటే నేను మర్యాదకు ముందు ప్లస్ 49 అని వేస్తే అదీ ఒక సాక్ష్యమే. పోనీ పోర్చుగల్ వాళ్లకు అమ్మనే అమ్మను అందామా? 2018 డిసెంబరు నుంచి అదీ కుదరదు. వారిని సైటు బయట నిలబెట్టకూడదు, ఆర్డరు తీసుకోవాలి. పోర్చుగల్‌కు డెలివరీ చెయ్యక్కర్లేదు, జర్మనీలో ఏదో ఒక అడ్రసుకు ఇస్తే చాలు. లిస్బన్ మనిషి ఆవకాయ కోసం కొలోన్‌లో చుట్టాన్ని వెతుక్కోవాలి. తమకు మానవ సంబంధాల మీద ఇంత గౌరవముందని తెలియదు.

వ్యక్తిగత సమాచార చట్టం గురించి ఒక్క ముక్కే. తప్పు చేస్తే ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 4 శాతం గానీ 2 కోట్ల యూరోలు గానీ, ఏది ఎక్కువైతే అది జరిమానా వెయ్యొచ్చట. నా విషయంలో ఏది ఎక్కువో లెక్క కట్టడానికి ఆడిటర్ ఫీజు దండగ.

ఒక మంచి పని చేసి తమరు ఎవరికీ చెప్పుకోలేదు, అది నాకు బాధ. 5,000 యూరోల లోపు బాకీకి యూరోపియన్ చిన్న మొత్తాల దావా అని ఉంది. ఒక ఫారం, లాయరు అక్కర్లేదు, తీర్పు వస్తే డెన్మార్క్ తప్ప అన్ని సభ్యదేశాల్లోనూ చెల్లుతుంది. పక్క దేశంలో డబ్బు ఎగ్గొట్టిన ఒక డీలరుకు ఈ ఫారం పేరు మెయిల్‌లో రాశాను. మర్నాడే "అంకుల్, మర్చిపోయా" అని బాకీ తీర్చేశాడు. కుకీల గురించి రోజుకు పదిసార్లు తెర మీదికొచ్చి అడిగే తమరు ఈ ఒక్కటీ ఎందుకు దాచారు?

పెద్దలంతా తమ గురించి బెంగపడుతున్నారు. సభ్యదేశాల మధ్య ఉన్న అడ్డంకులు వస్తువుల మీద దాదాపు 45 శాతం, సేవల మీద 110 శాతం సుంకం వేసినదానితో సమానమని ఐఎంఎఫ్ అంచనాను పట్టుకుని యూరోపియన్ కేంద్ర బ్యాంకు మాజీ అధ్యక్షుడు ద్రాగీ గారు అందరికీ చెబుతున్నారు. 27 కంపెనీ చట్టాలతో వేగలేకపోతున్నామంటే మందుగా వాటి పక్కనే అందరికీ ఉమ్మడిగా 28వ చట్టం తెస్తామంటున్నారు. చిన్న కంపెనీలకు ఉమ్మడి రూపం ఒకటి 2008లోనే ప్రతిపాదించి, 2014లో చప్పుడు లేకుండా వెనక్కి తీసుకున్న సంగతి మాకు గుర్తుంది. ఇప్పుడున్న "యూరోపియన్ కంపెనీ" అనే ఉమ్మడి రూపానికి మూలధనం కనీసం 1,20,000 యూరోలు కావాలి. అంత డబ్బుంటే నేను పచ్చళ్లు పెడుతూ కూర్చుంటానా?

అందుకని తమకు నా విన్నపం ఒకటే. అన్ని దేశాల వ్యాట్ ఒకే కిటికీలో కట్టించుకోవడం తమకు చేతనవునని 2021లోనే రుజువైంది. ఖాళీ సీసాల లెక్క కూడా ఆ కిటికీలోనే తీసుకోండి. గ్రాములెన్నో అక్కడే రాస్తాను, డబ్బు అక్కడే కడతాను, ఏ దేశానికి ఎంతో తమరే పంచుకోండి. నియమాలు తగ్గించమని అడగడం లేదు. ఒకే నియమానికి ఇరవై ఏడు చోట్ల దండం పెట్టించొద్దని అడుగుతున్నాను. వియన్నా నోటరీకి వేరే గిరాకీ దొరుకుతుంది లెండి.

ఇట్లు,
తమ విధేయుడు,
పచ్చళ్ల వ్యాపారి

తా.క.: ఆన్‌లైన్ వివాదాల పరిష్కార వేదికకు ప్రతి వ్యాపారీ తన సైటులో లింకు పెట్టాలని తమరు 2016 జనవరి 9 నుంచి తప్పనిసరి చేశారు. ఆ వేదిక తెరుచుకున్నది ఫిబ్రవరి 15న. 2025 జులై 20న దాన్ని మూసేశారు, లింకు తీసేయమన్నారు. లింకు పెట్టనివాళ్లకు నోటీసులు పంపిన జర్మన్ లాయర్లు ఇప్పుడు తీయనివాళ్ల కోసం వెతుకుతున్నారట. నేను తీసేశాను. మళ్లీ తెరిచే ఉద్దేశముంటే ఒక మాట ముందు చెప్పండి.